వ కింద లేదు

పర్లాకిమిడి మునిసిపాలిటీ మేడమీద
గమాంగో బాబు ఇండెక్సు పుస్తకం తెరిచాడు.
తుమ్మాను. ఎవరి పుట్టుకో, ఎవరి చావో
దుమ్మై ముక్కులోకి పోయింది.

వావిలపల్లి వాళ్ళం మేం, ఎక్కడా లేం.
"వ కింద ఉండరండీ, బ కింద చూడండి."
ఒడియా కలం మమ్మల్ని బాబిలపల్లి చేసిందని
అరవై ఏళ్ళొచ్చాక తెలిసింది.

బాబిలపల్లి గున్నయ్య, మగ, 1941.
దొరికాడు నాన్న.
కాపీ తీసుకుని లేచిపోదామనుకున్నాను,
వేలే ఊరుకోక కిందికి జారింది:
బాబిలపల్లి గున్నయ్య, మగ, 1944.
తండ్రి ఆయనే, తల్లి ఆమే,
కంసాలి వీధీ అదే.

మరణాల పుస్తకం వేరు. అంచులు చెద తినేసింది.
1943, ఆగస్టు. జ్వరం. రెండేళ్ళ గుంటడు.
పేరున్న చోట కాగితం గట్టిగానే ఉంది.

నౌపడా చిన్న రైలుకి జెండా ఊపిన మా నాన్న
ఆ గుంటడి పుట్టినరోజుతో బడిలో చేరి
మూడేళ్ళు ముందే రిటైరయ్యాడు.
ఎవరి బాకీ తీర్చాడో ఎరగడు,
అరుగుమీద కూర్చుని
కూత వినబడగానే వాచీ సరిచేసుకునేవాడు.

మామ్మ "గున్నా" అని పిలిచేది.
"ఏటమ్మా" అని నాన్న పలికాక
మళ్ళీ పిలిచేది.
చెముడనుకునేవాళ్ళం.

"ఏ గున్నయ్య కాపీ కావాలి?"
ముద్ర పట్టుకుని అడుగుతున్నాడు గమాంగో బాబు.
స్టాంపు ఒక్కటే తెచ్చాను.
కింద కొట్టు మూసేలోగా దిగి
ఇంకో రెండు తేవాలి.