ఏడో షెడ్డు

గుంటూరు మిర్చి యార్డు ఏడో షెడ్డులో
దూలానికి ఆ కెమెరా బిగించింది నేనే.
డబ్బా వచ్చింది, తీగ రాలేదు.
"పై వారం వస్తుందిలే, ముందు బిగించెయ్" అన్నాడు సూపర్‌వైజరు.
ఎర్ర దీపానికి రెండు పెన్సిలు బ్యాటరీలు తగిలించి దిగాను.
ఆ ఘాటులో తుమ్మకుండా ఉన్నది అదొక్కటే.

అంతకుముందు అక్కడ బేరమంటే తువ్వాలు కింద సంగతి.
మీరావలి వేళ్లు, కమీషను కొట్టు పానకాలు వేళ్లు
గళ్ల తువ్వాలు చాటున మాట్లాడుకునేవి.
చూపుడువేలు నొక్కితే ఎంతో, నడిమివేలు మడిస్తే ఎంతో
పక్కనే నిలబడ్డ ఏసోబుకి తెలిసేది కాదు.
కాయలు అతనివి. చీకటి వాళ్లది.

కెమెరా పెట్టిన మర్నాడు
తువ్వాలు మీరావలి భుజం దిగలేదు.
ధర నోటితోనే చెప్పాడు,
పెళ్లిలో చదివింపులు చదివినంత గట్టిగా.
కాటా మీద బొటనవేలు ఆనించే జక్రయ్య
చేతులు వెనక్కి కట్టుకున్నాడు.
మచ్చుకని దోసెడు తీసే కుర్రాడు
నాలుగు కాయలు తీసి, రెండు వెనక్కేశాడు,
తల కాస్త పైకెత్తి.
ఏసోబు తేజ కాయకి క్వింటాకు నాలుగొందలు ఎక్కువ పలికింది.
అది న్యాయమో దడో తేల్చడం నా పని కాదు,
నేను కరెంటువాణ్ణి.

నవ్వుకున్నాను కానీ ఎక్కువ రోజులు నవ్వలేదు.

తాలుకాయలు ఏరే సామ్రాజ్యం
గచ్చు మీద రాలినవి కొంగున వేసుకోవడం మానేసింది.
ఎవరూ వద్దన్లేదు.
బస్సు ఛార్జీకని రైతు జేబులో రెండొందలు కుక్కే పానకాలు
ఇప్పుడు చెయ్యి తన జేబు దాకా పోనిచ్చి
రుమాలు తీసి మొహం తుడుచుకుంటున్నాడు.
అసలు బేరాలు టీ బంకు వెనక్కి మారాయని
నెల తిరక్కుండానే విన్నాను.
కెమెరా ముందు జరిగేది వాటి ఊరేగింపు.

మీరావలి ఒకసారి టీ ఇప్పించి అడిగాడు:
"అబ్బాయ్, అది ఎంత దూరం చూస్తుంది?"
"తొడిమలు లెక్కపెడుతుందండీ" అన్నాను.
ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు.
నిజం చెప్తే ఐదువేలు ఇచ్చేవాడు.
లేకపోతే,
చూడదని చెప్పి రమ్మని నన్నెవరో పంపారనుకునేవాడు.

మొన్న షెడ్డు మూలన రాగితీగ ముక్కలు దొరికాయి,
కిలో పైనే ఉంటాయి.
సంచిలో వేసుకోబోతూ పైకి చూశాను.
యార్డంతటికీ తెలియనిది తెలిసినవాణ్ణి,
మెల్లగా మళ్లీ కింద పెట్టేశాను.

ఇంటికొచ్చి అన్నం ముందు కూచున్నాక గుర్తొచ్చింది:
ఆ బ్యాటరీలు ఇరవై రోజులకి మించి రావు.
బిగించి ఇది మూడో నెల.
దీపం వెలుగుతూనే ఉంది.

నిచ్చెన నా దగ్గరే ఉంది.
ఎక్కితే, తీగ వచ్చిందో లేదో చిటికెలో తెలుస్తుంది.
వచ్చుంటే
ఎక్కినవాడూ తెలుస్తాడు.