ఇటూ అటూ పన్నెండు వేలు

ఉపా అంటారు దాన్ని, దక్షిణ లీపెస్‌లో.
కెచువా మాటలో, మూగది.
ఎర్మెనెహిల్దా బెర్నా లామాలను తోలుకుంటూ
ఒక పూటలో దాన్ని చుట్టి వస్తుంది.
నాకు నాలుగు రోజులు పట్టింది,
ఊపిరి అందక, సంచిలో రాళ్లు మోయలేక.

శిఖరం లేదు. పైన బిలం కూడా లేదు.
చదును ఎడారిలో ఎవరో బోర్లించి మరిచిన మూకుడు.
నెర్రెల్లో యారెటా, ఆకుపచ్చ బొబ్బల్లా,
మెత్తగా ఉంటుందని కూర్చున్నాను, రాయి.

అడుగున ఉన్నది ముందు చెప్పాలి:
నలభై లక్షల ఏళ్ల నాటి బూడిద
తన వేడికి తానే అతుక్కుని
గులాబీ రంగు నేలయింది.
మా గుడారం మేకులు అందులో దిగలేదు.

ఆ తర్వాత చాలాకాలం ఏమీ లేదు.
ఆ ఏమీలేనితనానికి
నా నోటుపుస్తకంలో ఒక వంకర గీత.

అప్పుడు లోపల పాకం ముదిరింది.
లేతదైతే పారేది,
వాగులా దిగి ఉప్పుమడుగుల దాకా పోయేది.
ఇది నీళ్లలో చుక్క వేస్తే ఉండ కట్టే రకం.
గొంతు దాకా వచ్చి
మొదట ఒక దగ్గు.
బూడిద, రొట్టె పెంకులా పగుళ్లిచ్చిన బండలు
నాలుగు కిలోమీటర్ల మేర.
తర్వాత దగ్గు కూడా లేదు.
రోజుకు మూరెడు, ఒక్కోరోజు జానెడు,
పైపెంకు చల్లారి పగులుతుంటే
ఆ పగిలిన రాళ్లను తన భుజాల మీదే మోసుకుంటూ
ఉబ్బింది.
ఉబ్బి ఉబ్బి, ముందుకు ఒరిగి,
నుదుటి మడతల్లాంటి గట్లు వేసుకుంది.
ఒకసారి ఉత్తరపు పక్క విరిగిపడి
లోయ నిండా ఎర్రటి రాళ్లు, పొగ.
ఎవరూ పరుగెత్తలేదు. ఎవరూ లేరు.

రాయిని పగలగొడితే పిడికిలంత నల్లటి ముద్ద.
మరింత లోతు నుంచి వచ్చిన వేరే వేడి,
ఇందులో కలవలేక గడ్డకట్టింది.
నిద్రపోయేదాన్ని తట్టి లేపింది ఇదేనని నా అనుమానం.
లేపి, తాను చల్లారిపోయింది.

పడమటి భుజం మీద మంచు కూర్చుని
లేచిపోయిన గీతలున్నాయి.
నివురుగప్పిన నిప్పు అనబోయాను.
నివురును గాలి ఎప్పుడో ఎత్తుకుపోయింది.
నిప్పు సంగతి నాకు తెలియదు.

"మా నాన్న అదిగో ఆ పక్క కొండ మీద గంధకం తవ్వేవాడు,"
అంది ఎర్మెనెహిల్దా ఒక సాయంత్రం
లామా పేడ మంట ఎగదోస్తూ.
"ఆయనా దగ్గి దగ్గి ఊరుకున్నాడు."
నేను రాసుకోలేదు.

రెండో ఏడాది లెక్క పట్టుకుని వెళ్లాను:
ఒక లక్షా ఏడు వేల ఏళ్లు,
ఇటూ అటూ పన్నెండు వేలు.

ఆమె నవ్వింది, పళ్ల సందున కోకా ఆకు.
"ఇటూ అటూనా?
మా అవ్వ, అవ్వకు అవ్వ, గుర్రాలెక్కి వచ్చినవాళ్లు,
వాళ్లకు ముందు వచ్చిన ఇంకాలు,
మొదటి లామాకు మొదటి తాడు కట్టినవాడు,
అందరూ నీ ఇటూలోనే పట్టేస్తారు కదా.
సరేగానీ, ఏ నెల?"

నెల తెలియదు. రాయి చెప్పదు.

"బూడిద ఎటు పడింది?"

తూర్పున దట్టం, ఒక చోట మోకాలి లోతు.
పడమట వేలెడు కూడా లేదు.

"అంటే పడమటి గాలి.
పడమటి గాలి చలికాలపుది.
లామాలు ఈనడానికి ఇంకా నాలుగు నెలలుంటాయి."
అని మూడు ఆకులు ఏరి
పగుళ్లబండ కింద పెట్టి
వెనకబడ్డ పిల్లలామాను ఈలవేసి పిలిచింది.

లక్ష ఏళ్ల కిందటా గాలులు ఇలాగే వీచాయా?
అడగాలనుకున్నాను. ఆమె అప్పటికే
గట్టు దిగిపోయింది.
వేళ్లు కొంకర్లు పోతుంటే చేతితొడుగు తీసి
వంకర గీత పక్కన రాశాను:
చలికాలం.
ప్రశ్నార్థకం పెట్టాను, చిన్నది.