ఒక అక్షరం తక్కువ

హంబర్ మీది పొగమంచు
హల్‌లో మా మందుల షాపు అద్దాన్ని
మధ్యాహ్నం దాకా వదలదు.
ఆ రోజూ అంతే.
లోపలికొచ్చినవాడి ముఖం కంటే ముందు
వాడి చేతిలో సుత్తి కనిపించింది.

కౌంటర్ మీంచి చెయ్యి తియ్యడం
కాస్త ఆలస్యమైంది నాకు.
నలభై పౌండ్లు, రెండు పెట్టెల నిద్రమాత్రలు.
చూపుడువేలు మూడు ముక్కలు.

జడ్జి నాలుగేళ్లన్నాడు.
"నాలుగేనా?" అన్నాను కోర్టు మెట్ల మీద,
అందరికీ వినపడేలాగే.
మా పెద్దమ్మ ఫోన్లో
"అలాంటివాళ్ల చేతులు నరకాలే" అంది.
నేను కాదనలేదు.
ఆ మాట తలకింద పెట్టుకుని
చాన్నాళ్లకి ఒళ్లెరగని నిద్ర పోయాను.

రెండేళ్లకి ఉత్తరం వచ్చింది.
గీతల కాగితం, పెన్సిలు,
గోడ కట్టడం కొత్తగా నేర్చినవాడు
ఇటుక మీద ఇటుక పెట్టినట్టు అక్షరాలు.
పేరు రీస్. ఇరవై ఒకటి.
జైలుకొచ్చేదాకా చదవడం రాదట.
కేసు కాగితాల్లో మా షాపు ఫొటో ఉందట.
తలుపు మీద ఏం రాసుందో
మొన్ననే కూడబలుక్కుని చదివాడట:
"లోపలికి రండి, ఏం కావాలో అడగండి."
'నేను అడగలేదు. సారీ' అని రాశాడు.
ఆ సారీలో ఒక అక్షరం తక్కువ.

కోపం పోయిందా అంటే, పోలేదు.
సీటు దొరకని మనిషిలా
లోపల ఎక్కడో కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది.

వాడికి చదువు చెప్పిన విన్నిఫ్రెడ్‌కి ఫోన్ చేశాను.
"ఆ క్లాసు పోయిన నెలే ఎత్తేశారు, డబ్బుల్లేవని."
కాసేపాగి,
"కంచె మాత్రం కొత్తది వేస్తున్నారు" అంది.

మా భాషలో
శిక్షకీ శిక్షణకీ మధ్య ఒక్క 'ణ'.
నాలుక వెనక్కి మడిస్తే గాని పలకదు.
ఇక్కడ పుట్టిన మా పిల్లకి
ఎంత చెప్పినా 'న' అనే వస్తుంది.
నేనూ విసుక్కుని మానేశాను.

రాత్రి షట్టర్ దించాక
వాడి సారీలో తప్పిపోయిన అక్షరం చేర్చి
తిరిగి పంపుదామని పెన్ను తీశాను.
క్షమించి కాదు.
చీటీలో అక్షరం తప్పుంటే
దిద్దకుండా మందివ్వను, ఆ అలవాటు.

చలికి వేలు వంగలేదు.
ఎడమచేతికి మార్చాను.
దానికింకా రాయడం రాదు.