తిరగేసి చూడు

ప్రభువా, ఐదుంపావు.
బొమ్మనహళ్ళిలో మా వీధికి నీళ్ళొచ్చే వేళ.
బిందె నిండేలోగా నీతో మాట్లాడెయ్యాలి.

కుక్కరుకీ బకెట్టుకీ మధ్య
ఒక మోకాలికే చోటుంది.
రెండోది కూడా ఆనించాననే అనుకో.

నిన్న ఆదివారం, మేడ మీది రేకుల మందిరంలో
గట్టిగానే అడిగాను నిన్ను,
నన్ను నీతిగా బతకనియ్యి అని.
పాస్టరమ్మ తల మీద చెయ్యి పెట్టింది.
ఏడుపొచ్చింది.
నాకు ఏడుపు తొందరగానే వస్తుంది,
దాన్ని లెక్కలో వేసుకోకు.

అసలు సంగతి గురువారంది.

నా పని నీకు తెలియనిది కాదు.
రోజుకి ఆరేడు వందల చొక్కాలు
నా బల్ల మీదుగా పోతాయి.
కాలరు, కఫ్, జేబు, చంక కుట్టు.
తప్పుంటే ఎర్ర బాణం స్టిక్కరు,
బాగుంటే కట్టలోకి.
ఎక్కడో మంచు పడే ఊళ్ళో ఎవరో
మడత విప్పి తొడుక్కున్నారంటే
నా మాట మీద తొడుక్కున్నట్టే.

గురువారం నూట నలభై చొక్కాలు
చంక దగ్గర కుట్టు జారినవి
నా వేళ్ళ కిందుగానే వెళ్ళిపోయాయి.
తలనొప్పి అని చెప్పను.
టార్గెట్ అని చెప్పను.
శ్రీకంఠ సారు అరిచాడనీ చెప్పను,
ఆయన అరవని రోజేది?
చూడకపోవడం సులువు. అందుకే చూడలేదు.

శనివారం ఆ కట్టలు వెనక్కొచ్చాయి.
ఎవరు చేశారని అడిగితే
నా నోరు
"హులిగెమ్మ, నేను చూడకముందే కట్టేసింది" అంది.
ఉప్పు అందుకోమంటే అందుకున్నంత తేలిగ్గా.

హులిగెమ్మ దారాలు కత్తిరిస్తుంది.
కొప్పళ దిక్కు మనిషి.
నుదుటి నిండా పసుపు. నిన్ను ఎరగదు.
రెండు రోజుల జీతం కోస్తామన్నారు.
ఆమె నా వైపు చూసింది,
ఏమీ అనలేదు.
మధ్యాహ్నం ఎప్పట్లాగే
జొన్నరొట్టె సగం తుంచి
శనక్కాయ పొడి అద్ది నా డబ్బా మూతలో పెట్టింది.

తిన్నాను ప్రభువా.
నమిలి, మింగి, నీళ్ళు తాగాను.

నీకో మాట చెప్పనా,
మా పనిలో మొదటి పాఠం ఇది:
చొక్కాని తిరగేసి చూడాలి.
పైవైపు ఎప్పుడూ బాగానే ఉంటుంది,
ఇస్త్రీ దాన్ని ఇంకా బాగా చూపిస్తుంది.
సూది నిజం లోపలివైపే తెలుస్తుంది,
వదిలేసిన దారాలూ, అతుకులూ, ముడులూ.
ఇన్నేళ్ళుగా నీ ముందుకి
నేను పైవైపే తెచ్చాను.
తెల్ల చీర, మంచి సాక్ష్యం, పదో వంతు కవరు.

ఇవాళ నన్ను తిరగేసి చూడు.
ఎక్కడ జారిందో అక్కడే
ఎర్ర బాణం అంటించు, మొహమాటపడకు.
కానీ రిజెక్టు డబ్బాలోకి విసరకు.
ఆల్టర్‌కి పంపు.
విప్పి కుట్టడం కొత్తగా కుట్టడం కంటే కష్టం,
నాకు తెలుసు, సూదిరంధ్రాలు మిగిలిపోతాయి.
మిగలనీ.

ఎనిమిదిన్నరకి బెల్లు.
అంతకుముందే సారు బల్ల దగ్గరికి వెళ్ళాలి.
ధైర్యం ఇమ్మంటే పెద్ద మాట,
నాకు కాళ్ళు కదిలితే చాలు.
జీతం పోతే నాది పోనీ.
ఉద్యోగం...
అది అడగలేకపోతున్నాను,
నోరు రావట్లేదు, నువ్వే చూసుకో.

ఆ తర్వాత హులిగెమ్మ దగ్గరికి.
సారు కంటే ఆమే భయం.
ఆమె భాషలో ఎలా అనాలో
రాత్రి పక్కింటి పిల్లని అడిగాను.
"తప్పు నందు" అనాలంట.
తప్పు అనే మాట
అక్కడా ఇక్కడా ఒకటేనంట.
నేర్చుకోవాల్సింది "నాది" అన్న ముక్క ఒక్కటే.

బిందె పొర్లుతోంది. పక్కింటావిడ కేకలేస్తోంది.
ఇప్పుడు ఆమెన్ అనను ప్రభువా.
మధ్యాహ్నం, డబ్బా మూత తీశాక,
అనగలిగితే అప్పుడంటాను.