ఆఖరి స్టాప్

బ్ర్నో నగరంలో, ఎనిమిదో అంతస్తు బాల్కనీలో
నా దగ్గర పురుగుల్ని తినే మొక్కలు ఆరున్నాయి.
ఒకటి దవడలది, ముట్టుకుంటే మూసుకుంటుంది.
ఒకటి జిగురుది, ఎండలో మెరిసి మోసం చేస్తుంది.
ఎర్రటి నరాలతో, నెత్తిన మూతతో
గొట్టంలా నిలబడ్డ ఈ పొడుగుదాన్ని
డిపోలో నాతో పనిచేసిన వ్రాతిస్లవ్
రిటైరైన రోజున నా చేతిలో పెట్టాడు.
"దీనికి వంట చెయ్యక్కర్లేదు ద్రహోమీరా.
కుళాయి నీళ్ళు మాత్రం పొయ్యకు, చచ్చిపోతుంది."

అందుకని బకెట్లు వరసగా పెట్టి
పాలవాడి కోసం చూసినట్టు
మబ్బు కోసం చూస్తుంటాను.

జూన్‌లో ఒక ఉదయం
కుండీ అంచు మీద సన్నటి నల్లదారం కదిలింది.
దారం కాదు.
గొట్టం పెదవి దగ్గర తేనె నాకి
వెనక్కి తిరిగి, మెల్లగా దిగి
నాచులోకి, వేళ్ళ సందుల్లోకి, ఇంటికి పోతున్నాయి.
చీమలు పుట్ట పెడితే పాము దూరడం విన్నదే.
పాము పడగ కిందే చీమలు కాపురం పెట్టడం
అరవై మూడేళ్ళకి ఇప్పుడు చూశాను.
రోజుకి ఒకటో రెండో జారి పడతాయి.
మిగతావి లెక్క చూసుకున్నట్టు లేవు.
అద్దె అనుకున్నాయేమో.

నాచు కింద గుల్ల. వేళ్ళకి తడి అందట్లేదు.
కింది అంతస్తు హవ్రానెక్ గారు మందు చల్లమన్నారు.
ఆ మందు తిన్న చీమని రేపు తినేది నా మొక్కే కదా.
దాల్చినచెక్క పొడి చల్లాను.
బాల్కనీ అంతా క్రిస్మస్ వాసన.
చీమలు పక్కనుంచి కొత్త రోడ్డు వేసుకున్నాయి.

ఇక మిగిలింది నీళ్ళు.

శనివారం రాత్రి పదకొండుకి
దోసకాయలు ఊరబెట్టే పెద్ద గిన్నెలో కుండీ దించి
దాచుకున్న వానంతా
నాచు అంచుదాకా, తొందరపడకుండా పోశాను.
వంతెనగా చెక్క గరిటె ఒకటి ఆనించాను.
కాసేపు ఏమీ లేదు.
తర్వాత నాచు పొంగు వచ్చినట్టు పైకి లేచింది.

ఇరవై ఆరేళ్ళు ట్రామ్ నడిపాను.
చివరి ట్రిప్పులో, పట్టాలు గుండ్రంగా తిరిగే చోట
మైకులో చెప్పేదాన్ని:
ఆఖరి స్టాప్. దయచేసి అందరూ దిగండి.
తాగి పడుకున్నవాళ్ళని భుజం తట్టి లేపేదాన్ని.
ఒక డిసెంబరులో ఒకామె లేవలేదు.
ఒళ్ళో పసివాడు, కాళ్ళ దగ్గర రెండు సంచులు.
ఎక్కడికి దిగమంటావు, అని అడిగింది.
రూలు చెప్పాను. తలుపు తెరిచాను.
ముందు మంచు లోపలికి వచ్చింది,
తర్వాత ఆమె దిగింది.

గరిటె మీద ప్రతి చీమ నోటా ఒక తెల్లటి మూట.
బియ్యపు గింజలో సగం లేని బిడ్డలు.
ఒకటి మూట జారవిడిచింది,
నీళ్ళదాకా దిగి, వెతికి, మళ్ళీ ఎత్తుకుంది.
చీమ చిటుక్కుమన్నా వినబడే వేళ.
ఒక్కటీ చిటుక్కుమనలేదు.
నేనే గొణిగాను, పాత అలవాటు: ఆఖరి స్టాప్.
తర్వాత, వినేవాళ్ళెవరూ లేరు కాబట్టి:
తొందరేం లేదు.

గరిటె అవతలి కొస ఎక్కడ ఆనిందో
నేను చూసుకోలేదు.
బట్టల క్లిప్పుల డబ్బా, దాని పక్కన ఉల్లికాడల తొట్టి.
వాళ్ళు చూసుకున్నారు.

తెల్లారుతుండగా మొదటి ట్రామ్
కింద మలుపులో కీచుమంది.
అందరి వెనకా రాణి వచ్చింది, లావుగా, విసుగ్గా,
బలవంతాన పెళ్ళికి తీసుకెళ్తున్న పెద్దావిడలా.
నీళ్ళు వంచేసి చూస్తే
నాచు నిండా ఖాళీ సొరంగాలు.
వేలితో నొక్కి పూడ్చాను.
ఒకటి పూడ్చలేదు.

మధ్యాహ్నం సూప్‌లోకి
నాలుగు ఉల్లికాడలు కోద్దామని వంగాను.
మొదట్లో మట్టి కదిలింది.
కత్తెర జేబులో వేసుకుని వచ్చి
సూప్ ఉత్తిగానే తాగాను.