తీసివేత పద్దు

టేపు ఒక కొస దానియేలు చేతిలో
రెండో కొస నా చేతిలో
మధ్యలో గుంటూరు పాత టౌన్‌హాలు.

శిథిలం అని రాయడానికి వచ్చాం.
ఆ మాట పైనుంచి ముందే వచ్చేసింది,
లెక్కలే వెనకబడ్డాయి.

మొదట్లో కమిటీ పొగాకు గోడౌన్‌లో కూర్చునేదట.
పన్ను పెంచిన ప్రతి తీర్మానానికీ
తుమ్ములే చప్పట్లు.
ఆ తర్వాత లేచింది ఇది.
రెండడుగుల మందం గోడలు,
గానుగ సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం.
ఇప్పటికీ వాన పడితే
చీమలు బారు కట్టి వస్తాయి గోడని రుచి చూడటానికి.
మద్రాసు టెర్రస్ కప్పు, బర్మా టేకు దూలాలు,
ఏదో మంచుదేశపు కంపెనీ పేరు పోతపోసుకున్న ఇనప గడ్డర్లు.
ముందు వైపు ఏడు కమానులు,
ఎవరో దొర వస్తాడని వెడల్పు చేసిన మెట్లు.
దొర రాలేదు.
ఆ మెట్ల మీదే మిరపకాయల బేరగాళ్లు
తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని
ధర తేల్చుకున్నారు ఏళ్ల తరబడి.
ఆ ఘాటు లోపలికొచ్చి ఉండిపోయింది.
సాలెగూడు కదిపితే చాలు, దగ్గు.

కొత్తది ఆరంతస్తుల అద్దం.
తలుపు మనిషిని చూసి తనే తెరుచుకుంటుంది,
యంత్రం టోకెనిస్తుంది,
నంబరు పిలిచేదాకా
మన మొహాలు మనమే చూసుకుంటూ కూర్చోవాలి.

సరే, పని.
"బయట నలభై రెండున్నర" అన్నాడు దానియేలు.
రెండు గోడలకి నాలుగు పోతే
లోపల ముప్పై ఎనిమిదిన్నర ఉండాలి.
ముప్పై ఎనిమిదే ఉంది.
మళ్లీ కొలిచాం. టేపు మార్చి కొలిచాం.
ఆ అరడుగు ఎటు పోయింది?

ఉత్తరపు గోడ మీద సుత్తితో తడుతూ పోయాను.
బద్దు, బద్దు, బద్దు,
డబ్బు.
ఉలి పెడితే గచ్చు పెచ్చుగా ఊడింది.
వెనక ఒంటి ఇటుక తెర,
తెర వెనక చీకటి,
చీకట్లో ఒక కిటికీ.

దానియేలు ఉలి కింద పెట్టాడు.
"మా నాయనమ్మ చెప్పేది మేడం, నేనే నమ్మలేదు.
మూడు నెలల జీతం ఆపారంట.
ఊడ్చేవాళ్లు గుమ్మం దాటకూడదు,
చెప్పుకోవాల్సిందేదైనా ఈ కిటికీ లోంచే.
మెంబర్ల కుర్చీలేమో ఇటు వీపు పెట్టి ఉండేయి.
పొట్టి మనిషి కదా, రూతమ్మ,
చెత్తగంప బోర్లించి ఎక్కిందంట.
పొద్దున మొదలెట్టి దీపాలు పెట్టేదాకా
ఆ వీపులతోనే మాట్లాడిందంట."

జీతాలొచ్చాయా అని అడిగాను.
"రెండు నెలలవి."

రికార్డు గదిలో ఆ ఏటి మినిట్స్ దొరికాయి,
చెదలు తిన్నంత పోగా మిగిలిన రెండు వరుసలు:
ఉత్తర దిక్కున గోల ఎక్కువగా ఉన్నది, కిటికీ మూయించవలెను,
అంచనా పదకొండు రూపాయల ఆరణాలు.
దాని కిందే ఇంకో తీర్మానం:
సభలో గాలి చాలడం లేదు గనక పంకాలు కొనవలెను.

కిటికీ రాతి మీద దుమ్ము ఊదితే
పక్కపక్కన రెండు గుంటలు కనపడ్డాయి,
నున్నగా, రోట్లో అరిగినట్టు.
ఒక్క రూతమ్మ వల్లే అరగదు రాయి.
ఎందరి మోచేతులో,
ఎన్ని ఏళ్లో.
దానియేలు తన మోచెయ్యి ఆనించి చూశాడు.
పట్టలేదు.
"చిన్న చేతులు వాళ్లవి" అన్నాడు.

మా లెక్కలకో పద్ధతుంది.
గోడ కొలిచాక అందులోంచి
తలుపులూ కిటికీలూ తీసేయాలి.
ఖాళీకి డబ్బు కట్టం.
మూసేసిన కిటికీని ఏం చేయాలో
నాకెవరూ నేర్పలేదు.
గోడలో కలపనా, గోడలోంచి తీసేయనా?

ఎం-బుక్ తెరిచి రాశాను:
కిటికీ రాయిలో గుంటలు, రెండు.
పొడవు నాలుగంగుళాలు,
వెడల్పు మూడు,
లోతు ముప్పావు.
రేటు గడి దగ్గర పెన్ను ఆగిపోయింది.

"టేపు బిగించి పట్టుకోండి మేడం"
అవతలి మూల నుంచి దానియేలు కేకేశాడు,
"ఇంకా మూడు గోడలున్నాయి."