తిత్తిలో దొరికిన కాగితం

ఫాతిమానగర్ చర్చి నుంచి ఆటోల తెచ్చిండ్రు దాన్ని,
కాలితో తొక్కే పాత ఆర్గన్,
ఊపిరాడని ముసలామె లెక్క
మీద దుప్పటి కప్పి.

మట్టెవాడల మా దుకాణం పదడుగుల వెడల్పు.
హార్మోనియాలు అటకెక్కినంక
కీబోర్డులకు సోల్డరింగ్ చేసి బతుకుతున్న.
అయినా తిత్తి విప్పుడంటే చేతులకు పండుగే.

తోలు కింద, చినిగిన కాడ,
ఎవరో ఎప్పుడో వజ్రం పూసి అతికిన కాగితం.
అయిదు గీతల మీద చీమలబారు లెక్క స్వరాలు.
మూలకు పేరు. సగం జిగురు తిన్నది.
మిగిలింది రెండక్షరాలు:
...లినా.

ఆ భాష వచ్చిన మనిషి ఈ చుట్టుపక్కల ఒక్కతే,
తొంభైకి దగ్గర పడ్డ సిస్టర్ బెనెడిక్ట.
అద్దాలు తుడుచుకొని వెనుక పక్క చదివింది.
చిన్న అక్షరాలల్ల పన్నెండు వరుసలు,
ఒక ఆడమనిషి బతుకంత.

స్విట్జర్లాండు. సరస్సు ఒడ్డున ఊరు.
నాయిన చర్చిల ఆర్గన్ వాయించేటోడు.
ఆయన వేళ్ళు వంకరపోయినంక
పదకొండేండ్ల పిల్ల వాయించింది,
జీతం మాత్రం నాయిన పేర్నే వచ్చింది.
పద్దెనిమిదో యేట మూడు పాటలు అచ్చయినయి.
పంతొమ్మిదిల గడియారాల వ్యాపారితో లగ్గం.
ఆ తర్వాత వరుస ఇట్లున్నదట:
పద్నాలుగేండ్లు ఏమీ రాయలేదు.
సిస్టర్ అక్కడ ఆగింది.
"ఏమీ రాయలేదు" అన్నది మళ్ళ,
చల్లారిన చాయ్ ముందట పెట్టుకొని.

మగడు పోయినంక అప్పులు మిగిలినయి.
ఇల్లిల్లు తిరిగి పిల్లలకు పాఠాలు చెప్పింది,
మంచుల, రెండు జతల మేజోళ్ళేసుకొని.
నలభై మూడో యేట మళ్ళ మొదలువెట్టింది.
అప్పటి రాత ఇది.
ఎట్ల వచ్చింది కాజీపేటకు?
ఏ ఫాదర్ పెట్టెల, ఏ ఓడల?
సిస్టరుకు తెల్వదు. నాకు తెల్వదు.
వాయించి చూపుమంటే నవ్వింది:
"ఆర్గన్ నీ కాడనే విప్పి ఉన్నది గదా."

ఆ రాత్రి షట్టర్ సగం దించి
ఒక్కొక్క రీడు తీసి ఊదిన.
నోట్ల ఇత్తడి చేదు తగిలినప్పుడు
అక్క యాదికొచ్చింది.
ఓదెమ్మ.

బోర్డు మీద వడ్ల సాంబయ్య అండ్ సన్స్.
సన్స్ అంటే నేనొక్కన్నే,
అప్పటికి లాగు జారుతున్న పోరన్ని.
నాయినకు చెవులు మందమైనంక
శ్రుతి చేసింది అక్క.
ఊది, ఆకురాయితో ఒక్క గీత గీకి, మళ్ళ ఊది
"ఇంకొంచెం ఏడుస్తున్నది" అనేది.
పరకాల నుంచి, జనగామ నుంచి
భజనోళ్ళు వచ్చి
సాంబయ్య చేతుల శ్రుతి ఉన్నదని మొక్కేటోళ్ళు.
లోపలి అర్రల అక్క ఇనుకుంట బియ్యం ఏరేది.

కొత్తవాడల జంపఖానాలు నేసే ఇంటికిచ్చిండ్రు.
మగ్గం చప్పుడు మీద వరుసలు కట్టేదట.
ఆ వాడ ఆడోళ్ళు ఇప్పటికీ పాడుతరు.
ఎవరిదీ వరుస అంటే
"ఏమో, ఎన్కటిది" అంటరు.
అక్క పోయి తొమ్మిదేండ్లే.

లినా కాగితం తడిపి, మెల్లగ ఊడదీసి
సిస్టరుకు అప్పజెప్పిన.
తిత్తికి చిల్లు అట్లనే ఉన్నది.

మరునాడు కొత్తవాడకు పోయి
మల్లికాంబ అనే ముసలామెను పాడుమన్న.
బిల్లు బుక్కు వెనుక సరిగమలు రాసుకున్న.
మూడో వరుస కాడ ఆమె తప్పింది,
నేను గూడ తప్పిన.
అక్కడ ఖాళీ ఇడిసిన.
కింద పేరు మాత్రం పూర్తిగ రాసిన,
జిగురు తాకకుండ నాలుగు వేళ్ళ జాగ వదిలి.
అతికి, మీద తోలు కప్పిన.

ఆదివారం వాయించిండ్రు.
నేను బయట, చెప్పుల కాడ నిలబడి ఇన్న.
తొక్కినప్పుడల్ల తిత్తి లేస్తున్నది, పడుతున్నది.
జంక్షన్ల గూడ్సు బండి కూత నడిమిట్ల వచ్చింది.
గాంధారం
ఇంకొంచెం ఏడుస్తున్నది.
నాకు ముందే ఎరుక.
గీకలేదు.